టియర్‌డ్రాప్ క్యాంపర్‌ని గరాజ్‌లో చెక్కతో కట్టుకోవడం ఎలా?

వేసవి సెలవులు దగ్గర పడుతుంటే అమెరికాలో ఉన్న మనవాళ్లు మళ్లీ మళ్లీ అడిగేవి మూడే ప్రశ్నలు. మా సియెన్నా (టొయోటా మినీవ్యాన్) దీన్ని లాగుతుందా? వడ్రంగం రానివాళ్లు కట్టగలరా? వానకి కారదా? మొదటిదానికి జవాబు సులువు, లాగుతుంది. రెండోదానికి, గీసిన గీత మీద జిగ్‌సా (వంపులు కోసే కరెంటు రంపం) నడిపించగలిగితే చాలు. మూడోదానికి మాత్రం, శ్రద్ధ పెట్టకపోతే తప్పకుండా కారుతుంది. అందుకే ఇక్కడ కోతల గురించి తక్కువ, నీళ్ల గురించి ఎక్కువ చెబుతున్నాను. కోతలో పావు అంగుళం తేడా వస్తే పుట్టీ పెట్టి సర్దేయొచ్చు. ప్లైవుడ్ అంచులోకి నీళ్లు దిగితే మాత్రం అది బయటికి కనపడేసరికి లోపల మెత్తబడిపోయి ఉంటుంది.

ఎప్పుడూ చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. చిన్న ట్రైలర్ మీద ఇద్దరు పడుకునే గది, వెనక కారు డిక్కీలా పైకి లేచే మూత, ఆ మూత కింద వంటగట్టు. ఇంతే టియర్‌డ్రాప్. 1930లలో అమెరికాలో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పత్రికల్లో వచ్చిన ప్లాన్లు చూసి జనం ఇళ్ల దగ్గరే కట్టుకున్నారు. అప్పటి కొలతే ఇప్పటికీ నడుస్తోంది: 4 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు, 4 అడుగుల ఎత్తు. ప్లైవుడ్ షీటు 4×8 కాబట్టి వృథా తక్కువ. లోపల నిలబడలేం, కూర్చోగలం. వంట బయటే కాబట్టి పోపు ఘాటు పరుపుకి పట్టదు. మనకైతే అదొక్కటే చాలు.

కొనడానికి ముందు తేల్చుకోవాల్సినవి

కారు: మాన్యువల్‌లో లాగే సామర్థ్యం ఎంతో చూడండి. 2021 నుంచి వచ్చిన సియెన్నాకి 3,500 పౌండ్లు, టో ప్యాకేజీ (ట్రైలర్ లాగే ఏర్పాటు) ఉన్న టెస్లా మోడల్ వైకి 3,500, 2025 దాకా వచ్చిన టొయోటా ర్యావ్4 హైబ్రిడ్‌కి 1,750. సామాను సర్దాక 4×8 క్యాంపర్ 1,000 నుంచి 1,300 పౌండ్ల మధ్య తూగుతుంది. కరెంటు కార్లవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. బండి లాగుతుంది గానీ ఒక్క ఛార్జికి వెళ్లే దూరం బాగా పడిపోతుంది.

పరుపు: చాలామంది దీన్ని ఆఖర్న ఆలోచిస్తారు. ఫుల్ సైజు పరుపు వెడల్పు 54 అంగుళాలు, క్వీన్ 60. 4 అడుగుల వెడల్పంటే 48 అంగుళాలే, రెండిట్లో ఏదీ పట్టదు. ఫోమ్ కోయించుకుని, ఇద్దరూ ఒద్దికగా పడుకోవాలి. క్వీన్ కావాలంటే 5 అడుగుల వెడల్పు ట్రైలర్ కొనండి. 4 అడుగుల ట్రైలర్ మీద 5 అడుగుల పెట్టె కడదామనుకోకండి, చక్రాలు అడ్డొస్తాయి.

గరాజ్ తలుపు: మామూలుగా 7 అడుగుల ఎత్తు, అంటే 84 అంగుళాలు. నేల నుంచి ట్రైలర్ ఫ్రేమ్ ఎత్తు, దాని మీద గోడ, దాని మీద రూఫ్ వెంట్ (పైకప్పులో గాలి కోసం పెట్టే మూత), మూడూ కలిపి లెక్కేయండి. కట్టడం పూర్తయ్యాక బయటికి రాకపోతే చాలా బాధ. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కాలనీలో ట్రైలర్‌ని డ్రైవ్‌వేలో పెట్టనివ్వరేమో కూడా ముందే కనుక్కోండి.

కాగితాలు: సొంతంగా కట్టిన ట్రైలర్ రిజిస్ట్రేషన్ నియమాలు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. మీ డీఎంవీని (వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసుని) ముందే అడగండి. ఫ్రేమ్ సొంతంగా వెల్డింగ్ చేయకుండా రెడీమేడ్ ట్రైలర్ కొంటే సగం తలనొప్పి తగ్గుతుంది. దానితో తయారీదారు ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ ఒరిజిన్‌ని భద్రంగా దాచండి. వెల్డింగ్ వచ్చినా సరే, మొదటి క్యాంపర్‌కి రెడీమేడ్ ఫ్రేమే నా సలహా.

కావలసినవి

- కనీసం 1,500 పౌండ్లు మోసే 4×8 ట్రైలర్, 12 అంగుళాల చక్రాలతో. హార్బర్ ఫ్రైట్‌లో దొరికే మడత ట్రైలర్ మీద కట్టినవాళ్లు చాలామంది ఉన్నారు.
- ముప్పావు అంగుళం ప్లైవుడ్: నేలకి ఒక షీటు, గోడలకి రెండు, మూత పక్కటెముకలకీ (మూతకి వంపు ఇచ్చే లోపలి ముక్కలకీ) అడ్డగోడకీ ఒకటి. అల్మరాలకి అర అంగుళంది ఒకటి.
- పైకప్పుకి, లోపలి సీలింగ్‌కి, మూతకి: 3 మి.మీ. బాల్టిక్ బర్చ్ గానీ, 5 మి.మీ. లువాన్ గానీ (రెండూ పలచటి ప్లైవుడ్ రకాలే). లువాన్ 4×8లో వస్తుంది, నాలుగు షీట్లు పెట్టుకోండి. బాల్టిక్ బర్చ్ ఎక్కువగా 5×5 అడుగుల షీట్లలో వస్తుంది, ఆరు కావాలి. 5 అడుగుల వెడల్పు పెట్టె కట్టేవాళ్లకి ఈ సైజే బాగా కలిసొస్తుంది.
- అడ్డపట్టీలకి 1×2, 2×2 కర్రలు. మధ్యలో నింపడానికి ఎక్స్‌పీఎస్ ఫోమ్ బోర్డు (ఎండనీ చలినీ ఆపే గట్టి ఫోమ్).
- టైట్‌బాండ్ 3 జిగురు, స్లో హార్డెనర్‌తో (నెమ్మదిగా గట్టిపరిచే ద్రవంతో) కలిపి పూసే ఎపాక్సీ ఒక గ్యాలన్, స్టెయిన్‌లెస్ స్క్రూలు, బ్యూటైల్ టేపు (సందులు మూసే మెత్తటి జిగట టేపు) నాలుగైదు చుట్టలు.
- వెనక మూతకి హరికేన్ హింజ్ (నీళ్లు దిగనివ్వని పొడవాటి బందు), రబ్బరు బల్బ్ సీల్, 14×14 అంగుళాల రూఫ్ వెంట్, రెడీమేడ్ తలుపులు రెండు.
- జిగ్‌సా, డ్రిల్, ఫ్లష్ ట్రిమ్ బిట్ ఉన్న రౌటర్ (అంచులు సమానంగా కోసే మెషీన్), సాండర్, దొరికినన్ని క్లాంప్‌లు.

వానకి ఆగుతుంది కదా అని ప్రెషర్ ట్రీటెడ్ ప్లైవుడ్ కొనకండి. అది తడిగా, బరువుగా వస్తుంది, ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది, ఎపాక్సీ సరిగ్గా పట్టదు. ఓఎస్‌బీ, ఎండీఎఫ్ (చెక్క పేళ్లు, పొట్టు అతికించి చేసే బోర్డులు) జోలికి అసలు వెళ్లొద్దు. ముప్పావు అంగుళం అని అమ్మే షీటు నిజానికి దానికంటే కొంచెం పలచన. గాడి కోసే ముందు షీటునే కొలవండి, బిల్లుని కాదు.

కట్టే క్రమం

1. ట్రైలర్ బిగించి లైట్లు చూడండి. ఫ్రేమ్ మూల నుంచి మూలకి రెండు వైపులా కొలవండి. రెండు కొలతలూ సమానమైతే ఫ్రేమ్ మూలలు సరిగ్గా లంబకోణంలో ఉన్నట్టు. నాలుగు పిన్నుల కనెక్టర్‌లో తెలుపు గ్రౌండ్, బ్రౌన్ వెనక లైట్లు, పసుపు ఎడమ సిగ్నల్, బ్రేకు, ఆకుపచ్చ కుడి సిగ్నల్, బ్రేకు. లైట్లు వెలగకపోయినా, పిచ్చిపిచ్చిగా వెలిగినా ముందు గ్రౌండ్ వైరునే అనుమానించండి. దాన్ని పెయింటు మీద బిగిస్తే పనిచేయదు. అక్కడ గీకి, మెరిసే ఇనుము కనపడ్డాక బిగించండి. పెట్టె ఎక్కాక ఈ పని చేయాలంటే వెల్లకిలా పడుకోవాలి.

2. నేల. షీటు కింది వైపుకి రెండు కోట్లు ఎపాక్సీ, లేదంటే తారు ఎమల్షన్. పై వైపు ఒక కోటు వార్నిష్ చాలు. అసలు పని అంచుల దగ్గర. మొదటి కోటు ఎపాక్సీ వేసి పది నిమిషాలాగి చూడండి, నున్నటి వైపు తళతళలాడుతుంటుంది, అంచు మాత్రం ఏమీ వేయనట్టు మట్టిరంగులో ఉంటుంది. తాగేసిందన్నమాట. మళ్లీ పూయండి, మెరుపు నిలిచేదాకా పూస్తూనే ఉండండి. బోల్టు రంధ్రాలకీ ఇదే సూత్రం. కావలసినదాని కంటే పెద్ద రంధ్రం చేసి, కింద టేపు వేసి ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో అసలు రంధ్రం చేయండి. అప్పుడు బోల్టు చెక్కని తాకదు. నేలని ఫ్రేమ్‌కి బోల్టులతోనే బిగించాలి, చెక్క స్క్రూలతో కాదు.

3. గోడల ఆకారం. ముందు అట్ట మీద చిన్నగా గీసి చూసుకుని, తర్వాత షీటు మీద మేకులు కొట్టి, పలచటి చెక్క పట్టీని వాటి చుట్టూ వంచి గీత గీయండి. పైకప్పుకి లువాన్ వాడుతుంటే ముందువైపు వంపు వ్యాసార్థం 20 అంగుళాలకి తగ్గనీయకండి, విరుగుతుంది. 3 మి.మీ. బర్చ్ ఇంకాస్త బిగుతు వంపుకీ ఒప్పుకుంటుంది. రెండు గోడల షీట్లనీ ఒకదాని మీద ఒకటి పెట్టి స్క్రూలతో కలిపి, ఒకేసారి కోసి, ఒకేసారి సాండ్ చేయండి. విడివిడిగా కోస్తే ఎంత జాగ్రత్తపడ్డా రెండూ కవలలు కావు, పైకప్పు వంకర పోతుంది.

తలుపు రంధ్రం మూలలు గుండ్రంగా ఉండాలి. నలుచదరం మూలల దగ్గర కుదుపులకి పగుళ్లు వస్తాయి. రెడీమేడ్ తలుపు చేతికొచ్చాకే రంధ్రం కోయండి, కేటలాగ్ కొలత చూసి కాదు. తలుపు పూర్తిగా తెరిస్తే మడ్‌గార్డుకి తగులుతుందేమో కూడా చూసుకోండి.

4. నిలబెట్టడం. గోడలు నేల మీద నిలబడకూడదు, నేల పక్క నుంచి కిందికి దిగాలి. నేల అంచు కంటే ఒక అంగుళం కిందకి వేలాడేలా పెట్టి జిగురు, స్క్రూలు వేయండి. అప్పుడు గోడ మీద జారే నీళ్లు, చక్రాలు చిమ్మే నీళ్లు నేలకీ గోడకీ మధ్య సందులోకి పోకుండా కింద రాలిపోతాయి. ఈ ఒక్క మార్పు చాలా క్యాంపర్లని కాపాడుతుంది. తర్వాత పడగ్గదికీ వంటగట్టుకీ మధ్య అడ్డగోడ. 8 అడుగుల్లో పడకకి 76 అంగుళాలు వదిలి మిగతాది వంటకి ఇవ్వండి. పొడుగువాళ్లయితే పాదాలు వంటగట్టు కిందకి వెళ్లేలా అడ్డగోడని మెట్టులా కట్టుకోవచ్చు. పైన గోడ నుంచి గోడకి 1×2 పట్టీలు, సన్నటి అంచు మీద నిలబెట్టి, అడుగుకొకటి. వంపు దగ్గర 6 అంగుళాలకొకటి. వెంట్ వచ్చే చోట పట్టీలతో చట్రం కట్టండి.

వైర్లన్నీ ఇప్పుడే లాగేయండి. వైర్ల పక్కన కొలత టేపు కనపడేలా పెట్టి ఫొటోలు తీసుకోండి. తర్వాత స్క్రూ ఎక్కడ దింపాలో, ఎక్కడ దింపకూడదో ఆ ఫొటోలే చెబుతాయి.

5. సీలింగ్, పైకప్పు. పలచటి ప్లైవుడ్ ఒక దిశలో సులువుగా వంగుతుంది, ఇంకో దిశలో మొండికేస్తుంది. కొనేటప్పుడే చేత్తో వంచి చూడండి. మొండిదైతే బయటి వైపు తడి తువ్వాలు కప్పి, రాట్చెట్ పట్టీలతో వంపు మీద నెమ్మదిగా బిగించి ఒక రాత్రి వదిలేయండి. పూర్తిగా ఆరాకే జిగురు పెట్టాలి. లోపలి షీటు, పట్టీల మధ్య ఫోమ్, దాని మీద బయటి షీటు. రెండు షీట్లు కలిసే అతుకు తప్పనిసరిగా పట్టీ మీద పడాలి, గాలిలో కాదు. అంచు గోడ కంటే కొంచెం బయటికి ఉంచి, తర్వాత రౌటర్‌తో సమానం చేయండి.

6. వెనక మూత. తొందరపడకూడని చోటు ఇదే. కారే క్యాంపర్లలో ఎక్కువ ఇక్కడే కారతాయి.

మొదటి చిక్కు వంపు విచ్చుకోవడం. వంచిన ప్లైవుడ్ క్లాంప్‌లు తీయగానే కొంత తెరుచుకుంటుంది, మూత కింది అంచు గోడకి అందకుండా బయటికి నిలుస్తుంది. కాబట్టి పక్కటెముకల వంపుని గోడ వంపు కంటే కొంచెం బిగుతుగా, కింది అంచు దగ్గర అర అంగుళం లోపలికి వచ్చేలా కోయండి. నాలుగైదు పక్కటెముకలు, వాటికి అడ్డంగా పట్టీలు. లోపలి షీటు, బయటి షీటు రెండూ అతికించాకే ఆకారం నిలబడుతుంది. జిగురు పూర్తిగా గట్టిపడకముందే ఎత్తి చూడాలనిపిస్తుంది. ఆగండి.

రెండోది, హింజ్ ఎక్కడ పెట్టాలన్నది. పైకప్పు చదునుగా ఉన్నచోట పెడితే నీళ్లు నిలుస్తాయి. వెనక్కి వాలు మొదలయ్యాక పెట్టండి. హరికేన్ హింజ్ వెడల్పంతా ఒకే ముక్కగా ఉండి, రెండు చివర్లా గోడ అంచు దాటి కొంచెం బయటికి రావాలి. దాని మీద పడ్డ నీళ్లు పక్కలకి పారతాయి, ఆ చివర్లు లోపలే ఆగిపోతే నీళ్లు నేరుగా మీ మసాలా డబ్బాల మీద పడతాయి. కింద బ్యూటైల్ టేపు, పైన స్క్రూలు.

మూడోది పక్కలు. ఒక్క రబ్బరు సీల్‌ని నమ్ముకోవద్దు. గోడ అంచు వెంట రెండు వరసల సీల్, వాటి మధ్య కిందికి దిగే కాలువ ఉంచండి. మొదటిది దాటిన నీళ్లు ఆ కాలువలో కిందికి పోవాలి. నీళ్లని పూర్తిగా ఆపాలని చూసేకంటే వాటికి దారి చూపించడమే తేలిక.

సీల్ సరిగ్గా ఆనుతోందా? రబ్బరు మీద సుద్దముక్క రుద్ది మూత వేసి తీయండి. ఎదుటి చెక్క మీద గీత తెగకుండా పడితే సరి. తెగినచోట సందు ఉన్నట్టే. డాలరు నోటు పెట్టి మూత వేసి లాగినా తెలుస్తుంది. నోటు సులువుగా జారివస్తే అక్కడ ఇంకో పొర కావాలి.

మూత లేపే గ్యాస్ స్ట్రట్‌లు పెయింటు అయ్యాకే కొనండి. ఎపాక్సీ, పెయింటు, తాళం కలిశాక మూత బరువు మారిపోతుంది. అప్పటిదాకా ఒక కర్ర ఆసరా పెట్టుకోండి. బరువుకి మించిన స్ట్రట్ వేస్తే మూసి ఉన్నప్పుడు మూతనే మెలిపెడుతుంది.

7. పూత. బయటంతా, ముఖ్యంగా తలుపు, వెంట్ రంధ్రాల అంచులకి రెండు మూడు కోట్లు ఎపాక్సీ. కోటుకీ కోటుకీ మధ్య గట్టిపడ్డ పొర మీద జిడ్డుగా అనిపిస్తే సబ్బు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, తర్వాత సాండ్ చేయండి. కడగకుండా రుద్దితే ఆ జిడ్డునే పాముతారు, పై కోటు ఊడుతుంది. ఎపాక్సీ ఎండకి ఆగదు, కొన్నాళ్లకి తెల్లబారి పొడి రాలుతుంది. దాని మీద పెయింటు గానీ, యూవీ రక్షణ ఉన్న మెరైన్ వార్నిష్ గానీ తప్పదు.

ఖర్చు తగ్గించుకోవాలంటే కాన్వాస్ పద్ధతి ఉంది. పెయింటర్లు నేల మీద పరిచే నూలు గుడ్డని ఉతికి, చెక్క జిగురుతో ప్లైవుడ్ మీద అతికించి, దాని మీద ఎక్స్‌టీరియర్ పెయింటు నాలుగైదు కోట్లు వేస్తారు. అతుకులు లేకుండా వస్తుంది, మన్నిక కూడా బాగుంటుంది. అల్యూమినియం రేకు వేసేవాళ్లు దాన్ని చెక్కకి పూర్తిగా అతికించకండి. ఎండకి రేకు సాగుతుంది, అప్పుడు బుడగలు లేస్తాయి. అంచుల్లో ట్రిమ్‌తో (అంచు పట్టీతో) పట్టి ఉంచితే చాలు.

సిలికాన్ గురించి నా అభిప్రాయం గట్టిది. క్యాంపర్ బయటి వైపు దాన్ని ముట్టుకోకండి. అది పట్టు వదిలేశాక ఆ చోట ఇంకేదీ అంటుకోదు, పెయింటు కూడా. తలుపు చట్రం, వెంట్, ట్రిమ్, అన్నిటి కిందా బ్యూటైల్ టేపే. స్క్రూలు ఒకేసారి బిగించొద్దు. కాస్త బిగించి, గంటాగి, పక్కలకి పొంగిన బ్యూటైల్‌ని ప్లాస్టిక్ ముక్కతో తీసేసి మళ్లీ బిగించండి. చుట్టూ ఎక్కడా పొంగనిచోట టేపు సరిపోలేదని అర్థం.

8. గాలి, కరెంటు. 100 యాంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఉంటే ఫ్యాన్, ఎల్‌ఈడీ లైట్లు, ఫోన్లు రెండు మూడు రాత్రులు నడుస్తాయి. ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, బోర్డు దగ్గర కాదు. వైరు మధ్యలో రాపిడికి తెగి ఇనుముకి తగిలితే కాపాడేది ఆ ఫ్యూజే.

రాత్రంతా వెంట్ కొంచెం తెరిచి, కింద ఒక కిటికీ కూడా కొంచెం తెరిచి పడుకోండి, చలైనా సరే. స్టవ్, బొగ్గుల కుంపటి, ప్రొపేన్ హీటర్ పడగ్గదిలోకి తేవద్దు. అంత చిన్న గదిలో కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. బ్యాటరీతో నడిచే అలారం తప్పనిసరి.

రోడ్డెక్కే ముందు పరీక్షలు

నీళ్ల పరీక్ష: లోపల అంచుల వెంట పేపర్ టవల్స్ పరిచి, టార్చితో ఒకరిని కూర్చోబెట్టండి. బయట హోస్‌తో కింద నుంచి మొదలుపెట్టి పైకి రండి, ఒక్కో చోట ఐదేసి నిమిషాలు. పై నుంచి మొదలుపెడితే లోపల తడి కనపడ్డా ఎక్కడి నుంచి వచ్చిందో తేలదు. తర్వాత చీకటి పడ్డాక లోపల లైటు వేసి బయట నుంచి చూడండి. వెలుతురు వచ్చే సందులోంచి వాన కూడా వస్తుంది.

ముక్కు బరువు: కారు వెనక ట్రైలర్‌ని తగిలించే ఇనుప బంతి మీద పడే బరువు ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. 1,200 పౌండ్ల క్యాంపర్‌కి 120 నుంచి 180. కప్లర్ (బంతి మీద కూర్చునే ట్రైలర్ ముక్కు) కింద ఇంట్లోని బరువు చూసుకునే మెషీన్ పెట్టి, దాని మీద ఒక చెక్క దిమ్మ నిలబెట్టి, కారుకి తగిలించే ఎత్తులో కొలవండి. దిమ్మ బరువు తీసేయండి. చక్రాలకి అడ్డాలు పెట్టడం మర్చిపోవద్దు. సామానంతా సర్దాకే కొలవాలి, ఖాళీగా కాదు. మన ఇళ్లలో బియ్యం, కుక్కర్, కూలర్, నీళ్ల క్యాన్లు అన్నీ వెనక వంటగట్టులోకే చేరతాయి. అప్పుడు ముక్కు తేలికైపోయి, హైవే మీద వెనక తోక ఊగడం మొదలవుతుంది. తక్కువ వస్తే బ్యాటరీనీ నీళ్లనీ ముందువైపు పెట్టెలోకి మార్చండి. మొత్తం బరువు ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ స్కేల్ మీద చూసుకోవచ్చు.

బంతి సైజు: కప్లర్ మీద 2 అంగుళాలని ఉంటే బంతి కూడా 2 అంగుళాలదే ఉండాలి. 1⅞ బంతి అందులో కూర్చున్నట్టే ఉంటుంది, గుంతలో పడ్డప్పుడు లేచి వచ్చేస్తుంది. తగిలించాక ట్రైలర్ జాక్‌తో ముక్కుని పైకి లేపండి. కారు వెనక భాగం కూడా లేస్తే పట్టు దొరికినట్టే. సేఫ్టీ చైన్లు కప్లర్ కింద అడ్డంగా, ఒకదాన్నొకటి దాటేలా తగిలించాలి.

మొదటి ప్రయాణం ఊళ్లోనే, 50 మైళ్లలోపు. ఆగి చక్రాల నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించండి, హబ్ (చక్రం మధ్య భాగం) మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగ్ గ్రీజు చూడాలి. చాలా ట్రైలర్ టైర్లకి వేగ పరిమితి గంటకి 65 మైళ్లు, చిన్న చక్రాలకి ఇంకా తక్కువ ఉండొచ్చు. టైరు పక్కన రాసి ఉందేమో చూడండి.

మొదటి రాత్రి గడిచాక పొద్దున్నే పరుపు మూల ఎత్తి కింద తడిమి చూడండి. వాన పడకపోయినా తడిగా ఉంటే కారడం కాదు, ఇద్దరి ఊపిరిలోని తేమ చల్లటి నేల మీద చేరడం. పరుపు కింద గాలి ఆడే చెక్క పట్టీలు వేసి, వెంట్ ఇంకాస్త తెరిస్తే పోతుంది. వాన పడ్డ రాత్రి ఒక మూలలోనే తడి ఉంటే ఆ మూలకి పైన ఉన్న ట్రిమ్ విప్పి బ్యూటైల్ మార్చండి. పూర్తిగా ఆరేదాకా ట్రిమ్ తిరిగి బిగించొద్దు.